కదిలిన చెవి

"ఏందిరా అబ్బయ్యా, మూడు వేలా? ఒక్క పూటలో మూడు వేల ఫొటోలా?"

అవునన్నాడు మా మనవడు, కోట మీద జెండా పాతొచ్చినట్టు. వాడికి బెంగుళూరులో ఉద్యోగం. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, మోచెయ్యంత లెన్సు భుజానేసుకుని అడవులు పట్టి పోతాడు. పోయిన వారం పలమనేరు పక్కన కౌండిన్య అడవి అంచుకు పొయ్యి, అట్నుంచి అటే కోవూరొచ్చి, కాళ్లన్నా కడుక్కోకుండా పలకలాంటిది ఒకటి తెరిచి నా ముందర పెట్టాడు. "తాతా, ఏనుగులు చూడు." వేలితో తోస్తే ఒక ఏనుగు. మళ్లీ తోస్తే అదే ఏనుగు, తొండం బెత్తెడు పక్కకు. ఇంకోసారి తోస్తే అదే, ఈసారి కన్ను సగం మూసి. పావుగంట తోసినా ఆ ఏనుగు కానుగ చెట్టు దాటలా. "ఇన్నిట్లో నీకు నచ్చింది ఏదిరా?" అంటే, "ఇంకా చూసుకోలేదు తాతా, తీరిగ్గా కూర్చుని ఏరాలి" అన్నాడు.

తీసినవాడే ఇంకా చూడలేదంట! అప్పట్నుంచీ నాకు కడుపులో మంట. ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే అన్నం సయించేట్టు లేదు, అందుకని నీకు చెప్తన్నా. నువ్వూ వాడి ఈడువాడివే అయ్యుంటావు. ఆ ఫోను పక్కన పెట్టి కాసేపు గమ్మున విను.

మాకు పన్నెండు. ఆ అంకె గుర్తు పెట్టుకో. 120 రీలు ఒకటి కొంటే చదరంగా పన్నెండు బొమ్మలు. పదమూడోది లేదు. నువ్వు మీట నొక్కే లోపల నీ యంత్రం పన్నెండు తీసేసి ఊరుకుంటుంది. మాకు ఆ పన్నెండే రెండు నెలలు. పొంగలికి నాలుగు, మేనత్త కూతురి పెళ్లికి అయిదు, మిగతా మూడూ ఎప్పుడేమి అవసరం వస్తుందో అని కెమెరా కడుపులోనే ఉండేవి. మీట మీద వేలు పెట్టే ముందర మనిషి ఒకటికి పదిసార్లు ఆలోచించేవాడు. ఆ ఆలోచనలోనే బొమ్మ సగం తయారయ్యేది.

నేను మొట్టమొదట తీసిన ఏనుగు అడవిది కాదు. 1965 ప్రాంతం, నాకు పదహారేళ్లు. మా మేనమామ మద్రాసు నుంచి ఆగ్ఫా క్లిక్ త్రీ తెచ్చిచ్చాడు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే దాని చదువు. నెల్లూరు వైపు నుంచి పెన్న వంతెన మీద ఒక ఏనుగు నడిచొస్తోందని పిల్లకాయలు ఊరంతా కేకలేసుకుంటా పరిగెత్తారు. అంగడి అంగడికీ తిప్పి అడుక్కునే మావటి ఏనుగు. చెరుకు బండ్లు వరసగా ఆగున్నాయి. బండెద్దులు బెదిరి కాడి విదిలిస్తన్నాయి. ఏనుగు మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక బండిలోంచి నాలుగు గడలు లాక్కుని నమలడం మొదలుపెట్టింది. బండివాడు మొదట మొత్తుకుని, తర్వాత చేతులు జోడించాడు. నేను కెమెరా ఎత్తి, గుండె దడదడలాడతా ఉంటే, అది మా ఇంటి ముందరికి వచ్చేదాకా ఆగుదామని ఆగి, వచ్చినాక ఇంకొంచెం దగ్గరికి రానీ అని ఆగి, చివరికి నొక్కాను. రీలు కడిగించి చూస్తే వెనక కాళ్లూ తోకా ఉన్నాయి. ఏనుగు పోయింది, తోక చిక్కింది అని మా నాయన ఆ సామెతను ఏడాది పొడుగునా నా మీద వాడాడు.

ఆ మావటి దగ్గర అర్ధరూపాయి ఇచ్చి తోక వెంట్రుకతో చేసిన ఉంగరం కొనుక్కున్నా, భయం పోతుందని. ఆ వెంట్రుక పీకితే ఏనుగుకు నొప్పి పుడుతుందని ఆరోజు ఊళ్లో ఎవరికీ తోచలా, నాకూ తోచలా. ఇప్పుడది నేరం. మా రోజుల్లో ప్రతిదీ బాగుందని నేను చెప్పేటప్పుడు ఈ ఒక్కటీ గొంతులో అడ్డం పడుతుంది. పడనీ. మిగతావి చెప్పాలి గదా.

1972లో కోవూరు బజారులో చిన్న స్టూడియో పెట్టాను. వంటింటి పక్క గది చీకటి గది. ఎర్ర బల్బు, మూడు పింగాణీ తట్టలు, గోడకు తీగె. నీకు తెలియదు గానీ, ఫిల్ము కడగడమంటే పసిబిడ్డకు నీళ్లు పొయ్యడం. మందు నీళ్లు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాల. మన నెల్లూరు సీమలో మే నెలలో ఇరవై డిగ్రీలు యాడ దొరుకుతాయి? నీళ్లు వేడెక్కితే ఫిల్ము మీది పూత మెత్తబడి జారిపోతుంది, ముఖాలు ముడతలు పడి వస్తాయి. అందుకని రాత్రి కుండలో నీళ్లు పోసి పెరట్లో పెట్టి, తెల్లారుజామున మైపాడు చేపల బండ్ల దగ్గర ఐసు ముక్కలు అడిగి తెచ్చి, మందు గిన్నె చుట్టూ పరిచి కడిగేవాణ్ణి. కోవూరు పెళ్లికూతుళ్ల బొమ్మలన్నిటికీ చేపల ఐసు తగిలింది. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తన్నా.

తట్టలో తెల్ల కాగితం వేసి మెల్లిగా ఊపతా ఉంటే, ఏమీ లేని చోట ముందు కళ్లు వచ్చేవి, తర్వాత ముక్కు, తర్వాత మనిషి. వేలసార్లు చూశాను. ఒక్కసారి కూడా నాకు విసుగు పుట్టలా. నీ పలకలో బొమ్మ పుట్టడం ఎప్పుడైనా చూశావా నాయనా?

సరే, ఏనుగుల దగ్గరికి వస్తా.

మా అక్కను పలమనేరు పక్క పల్లెలో బడిపంతులుకు ఇచ్చాము. 1980ల్లో ఒకరోజు బావ ఉత్తరం రాశాడు, మా ఊరి చెరువుకు ఏనుగులు వచ్చాయి, అడవివి అని. నమ్మలేదు. మన రాష్ట్రంలో అడవి ఏనుగు కనబడి దాదాపు రెండు వందల ఏళ్లయిందని తెలిసినవాళ్లు చెప్పేవారు. అటు హోసూరు, కృష్ణగిరి వైపు అడవులు తరిగిపొయ్యి, కరువొచ్చి, మేతా నీళ్లూ వెతుక్కుంటా ఆ గుంపులు మన చిత్తూరు జిల్లాలోకి దిగాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మూడు వందల యాభై చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక.

ఆ దశాబ్దం అట్టాంటిది. 1986లో కడప జిల్లాలో కలివికోడి కూడా మళ్లీ కనబడింది. 1900 తర్వాత ఎవరూ చూడని పిట్ట. ఇంగిలీషులో దానికి ఏ దొర పేరు ఉందో ఆ జెర్డన్ మన నెల్లూరులో డాక్టరుగా పనిచేసినవాడే. పోయిందనుకున్న పిట్ట తిరిగొచ్చింది, రెండు వందల ఏళ్లు లేని ఏనుగు తిరిగొచ్చింది. నాకప్పుడు ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు. ఇంకేమేమి తిరిగొస్తాయో అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

అక్క మొదటిరోజు వినాయకుడే వచ్చాడని చెరువు కట్ట మీద కొబ్బరికాయ కొట్టిందంట. నెల తిరక్కుండా వాళ్ల రాగిచేను తొక్కేసరికి, రెండో ఉత్తరంలో ఆ వినాయకుణ్ణి తిట్టని తిట్టు లేదు. నేను మద్రాసు పొయ్యి, పాత పెంటాక్సు కెమెరా, 200 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి అప్పు చేసి కొన్నాను. ఇందు ఫిల్ము అని ఊటీలో తయారయ్యేది, నలుపు తెలుపు. నాలుగు రీళ్లు. నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి, చిత్తూరు మీదుగా మూడు బస్సులు మారి పలమనేరు చేరేసరికి ఒళ్లు హూనం. ఆ హూనమే మంచిదయ్యా. దిగినాక మనిషి ఊరికే పరిగెత్తడు.

మూడు తెల్లవారుజాములు పొయ్యాము. ఏనుగు కనబడలా. లద్దెలు కనబడ్డాయి, విరిచిన కొమ్మలు కనబడ్డాయి. అడవిశాఖ వాచరు ఒకాయన మాతో వచ్చేవాడు, అరవై దగ్గర వయసు, బీడీ తప్ప మాట లేదు. రెండోరోజు బురదలో ఒక అడుగు చూపించి, పంచె కొంగులోంచి తాడు తీసి, ఆ ముందరికాలి గుర్తు చుట్టూ పెట్టి కొలిచి, ఆ తాడును రెండింతలు చేసి నిలబెట్టి చూపించాడు. భుజం దగ్గర ఏనుగు అంత ఎత్తంట. నా తల పైన జానెడు ఎత్తుకు వచ్చింది ఆ తాడు. ఏనుగును చూడకముందే దాని ఎత్తు నా వెన్నులోకి దిగింది. నీ మూడు వేల బొమ్మల్లో ఆ తాడు ఉందా?

ఆయనే నేర్పాడు, పిడికెడు దుమ్ము తీసి జారవిడిచి గాలి ఎటుందో చూడడం. ఏనుగుకు చూపు తక్కువ, వాసన ఎక్కువ. గాలి మన మీంచి దాని వైపు పోతే ఇక బొమ్మ లేదు, ఒక్కోసారి మనిషీ ఉండడు. చెవులు విప్పి, తలెత్తి, ఘీంకరించి నాలుగడుగులు వచ్చేది చాలాసార్లు బెదిరింపే, తొండం లోపలికి ముడిచి నోరెత్తకుండా వచ్చేదాన్ని చూస్తే మాత్రం దేవుణ్ణి తలుచుకోమన్నాడు. కుర్రకారు ఆ మాటలు వినే రోజులా ఇవి? పొలంలో ఏనుగు దిగిందంటే చాలు, వెనక యాభైమంది, చేతిలో ఫోన్లు, కేకలు, ఈలలు. అది పంట దగ్గరకు వచ్చిందే ఆకలితో. ఒక్కో ఏనుగుకు రోజుకు నూటయాభై కిలోల దాకా మేత కావాల. దానికి తోవ ఇవ్వకుండా చుట్టూ మూగి ముఖం పక్కన ముఖం పెట్టి ఫొటో దిగాలంట. చేలకు పెట్టిన కరెంటు తీగెలకు తగిలి చచ్చిన ఏనుగులున్నాయి, ఏనుగు కాలికింద పడ్డ రైతులున్నారు. అక్కడ నిలబడి పళ్లికిలించడానికి మనసెట్టా వస్తుంది?

ఇంకొకటి వచ్చింది, ఎగిరే కెమెరా. నెత్తిమీద జుయ్యిమని తిరుగుతుంది. ఏనుగులకు తేనెటీగలంటే భయం, ఆ మోత వింటేనే పరిగెత్తుతాయని శాస్త్రవేత్తలు ఆఫ్రికాలో పరీక్ష చేసి చెప్పారు. ఈ యంత్రం మోతా అట్టాంటిదే. దాని కింద గున్న ఉన్న తల్లి బెదిరి గుంపంతా చెల్లాచెదరైతే, పైనుంచి తీసినవాడికి అది గొప్ప బొమ్మ!

ఏమి చెప్తన్నా? ఆ, నాలుగో తెల్లవారుజాము.

చెరువు కట్టకు ఇవతల ఒక రాయి. రాయి మీద ఒక సంచి. మా అమ్మ పాత చీరె గుడ్డతో కుట్టిన సంచిలో మూడు శేర్ల మొలగొలుకుల బియ్యం పోసి తీసుకెళ్లాను నెల్లూరు నుంచి. మొలగొలుకులంటే ఏందో మీ తరానికి తెలుసో లేదో, నెల్లూరు పేరు నిలబెట్టిన బియ్యం అది. సంచి మీద లెన్సు పెట్టి కాస్త నొక్కితే బియ్యం సర్దుకుని లెన్సును రెండు చేతుల్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. మూడు కాళ్ల స్టాండు కన్నా మేలు. సాయంత్రం ఆ బియ్యమే అక్క అన్నం వండేది. నీ బొమ్మలు మసగ్గా వస్తన్నాయని ఇంకో లక్ష పెట్టి ఇంకో లెన్సు కొంటావు. ముందు రెండు శేర్లు బియ్యం కొనవయ్యా.

చూపు ఆనేంత వెలుతురు వచ్చింది. గుంపు దిగింది. ఏడు. ముందర పెద్ద ఆడది, తర్వాత గున్నతో ఇంకొకటి. ఒళ్లంతా ఎర్రమట్టి. ఏటవాలు వెలుతురు పక్కనుంచి పడి తోలు మీద ప్రతి ముడతా పొలం గట్టు మాదిరి లేచింది. మాకు వెలుతురు కొలిచే యంత్రం కూడా సరిగా ఉండేది కాదు. కానీ ఏనుగు తోలంత మంచి కొలబద్ద అడవిలో ఇంకోటి లేదు. అటు నలుపూ కాదు, ఇటు తెలుపూ కాదు, సరిగ్గా నడిమిది. దాన్ని చూసి లెక్క కట్టుకుంటే పొరపాటు రాదు. నీళ్లలోంచి లేచినప్పుడు మాత్రం నల్లబడుతుంది, ఒక గీత పెంచేవు జాగ్రత్త, మోసపోతావు.

అంత తక్కువ వెలుతురులో నాకు దొరికింది సెకనులో 125వ వంతు. 200 లెన్సుకు కనీసం 200వ వంతన్నా ఉండాలని మాకు పాఠం. అంటే చెయ్యి వణికితే చాలు, అంతా పోయినట్టే. నాలుగు బొమ్మలే మిగిలాయి రీల్లో. ఊపిరి సగం వదిలి ఆపాను. ఆ పెద్ద ఆడది నీళ్లు తాగి, తొండం దించి, నా వైపు కాదుగానీ నేనున్న వైపు తిరిగి ఆగింది. ఆగడం అంటే ఆగడమే, రాయి ఆగినట్టు. నొక్కాను. సరిగ్గా ఆ లోపలే చెవి విసిరింది.

కోవూరొచ్చి ఐసు నీళ్లలో కడిగి, తట్టలో కాగితం ఊపతా ఉంటే ముందు వచ్చింది ఆ కన్ను. కంటి చుట్టూ ముడతలు, కింద తడి చార, రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టేటట్టు. చెవి మాత్రం పొగ. ఆ బొమ్మ ఇప్పటికీ నా గోడ మీద ఉంది. చూసిన ప్రతివాడూ 'అబ్బ, విసురుతోంది' అంటాడు. ఆ చెవి గాలి నా ముఖానికి తగులుతుంది.

"చెవి కదిలిపోయింది తాతా" అంటాడు మనవడు. వాడి లెన్సు 600. వాడి యంత్రం ఏనుగు కన్ను యాడుందో తానే వెతికి పట్టుకుంటుందంట. చేతి వణుకు ఆపే మర లోపలే ఉందంట. ఒప్పుకున్నా. అది నీ చెయ్యి వణుకు ఆపుతుంది గానీ ఏనుగు చెవిని ఆపుతుందా? దానికి అయిదొందలో వంతో వెయ్యో వంతో పెట్టాల్సిందే. ఇంకో సంగతి. వాడు పన్నెండు గంటల ఎండలో రోడ్డు మీద కారు ఆపి, ఇంజను కూడా ఆపకుండా, అర మైలు దూరంలో ఉన్న ఏనుగును తీసి, "లెన్సు బాగాలేదు తాతా, మసగ్గా వచ్చింది" అంటాడు. మసక లెన్సుది కాదురా అబ్బయ్యా, గాలిది. వేసంగిలో తారురోడ్డు మీద నీళ్లు కనబడతాయే, ఆ ఆవిరి నీకూ ఏనుగుకూ మధ్య ఆడతా ఉంటే బ్రహ్మదేవుడు చేసిన లెన్సైనా ఏమి చేస్తుంది? దగ్గరికన్నా పో, తెల్లారన్నా లే. ఏసీ కారులోంచి చల్లబడ్డ కెమెరా తీసి తెల్లవారుజాము తేమలో పెడితే అద్దం మీద చెమట పడుతుంది. గుడ్డతో తుడుస్తావు, మళ్లీ పడుతుంది. నువ్వు తుడిచేలోపల గుంపు వెళ్లిపోతుంది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోయిన నా కెమెరాకు ఆ జబ్బు ఒక్కనాడు రాలా.

వీటన్నిటికన్నా నాకు మండిపోయేది చివర చేసే పని. మసగ్గా వచ్చిన ఏనుగును కంప్యూటరులో వేస్తే, అది ముడతలు పుట్టించి ఇస్తుందంట. పోయిన నెల చూపించాడు. బాగానే ఉంది. భూతద్దం పెట్టి చూశాను. నుదుటి మీద ముడతలు ఏనుగువి కావు. వంకాయ మీద గీరినట్టు ఒకే తీరుగా ఉన్నాయి. లేని వెంట్రుక మొలిచింది. నేను నలభై ఏళ్లు పెళ్లికూతుళ్ల ముఖాల మీద మచ్చలు పెన్సిలుతో దిద్దినవాణ్ణే, దిద్దడం తప్పని నేనెట్టా అంటాను? కానీ పెళ్లికూతురు అడిగింది గనక దిద్దాను. ఏనుగు అడిగిందా?

మద్రాసు మైలాపూరులో ఎం. కృష్ణన్ అని ఒకాయన ఉండేవారు. 1912లో పుట్టి 1996లో పోయారు. ముదుమలై లాంటి అడవుల్లో నడుచుకుంటా ఏనుగుల్ని తీసినవారు. యాడెక్కడి ముక్కలో కలిపి కెమెరా తానే కట్టుకుని, దానికి సూపర్ పాండరోసా అని పేరు పెట్టుకున్నారు. రంగు ఫిల్ము వచ్చినా నలుపు తెలుపే ఆయనకు ప్రాణం. 1950 నుంచి కలకత్తా స్టేట్స్‌మన్‌లో ప్రకృతి మీద రాస్తా వచ్చారు, చివరిదాకా. పద్మశ్రీ కూడా ఇచ్చారు. నేను ఫిల్ము కొనే అంగడాయన ఒకసారి ఆయన తీసిన ఏనుగు బొమ్మ చూపించాడు. పక్కన రంగుల క్యాలెండర్లు ఎన్ని వేలాడుతున్నా నా కళ్లు దాని మీంచి రాలా. ఆ ఏనుగు అక్కడ బతుకుతోంది, ఎవరి కోసమూ నిలబడలేదు. ఆరోజు రైలుకు ఆలస్యమైంది. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి, మీ అవ్వ తలుపు తియ్యలేదు.

మన నేలపట్టు సంగతి చూడు. మనకు దగ్గరే. 1976 నుంచి అభయారణ్యం. చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఆ రెట్టలు కలిసిన నీళ్లు చేలకు బలమని ఊరివాళ్లే కాపలా కాస్తా వచ్చారు. అక్కడ గంటలు గంటలు కూర్చుంటే పిట్ట తానే దగ్గరికి వస్తుంది. ఏనుగుల దగ్గరికి పోకముందు నేను కూర్చోవడం నేర్చుకుంది అక్కడే. ఇప్పుడు కారు దిగి, గట్టు ఎక్కి, టకటకటక అని మిషను కుట్టినట్టు కొట్టి, ఇరవై నిమిషాల్లో కాఫీకి పోతారు. పిల్లను గూట్లో వదిలి పిట్ట ఎందుకు లేచిందో వెనక్కి తిరిగి కూడా చూడరు.

ఇంత తిట్టినాక ఒక మాట చెప్పాల. చెప్పకపోతే అబద్ధమాడినట్టు.

మొన్న రాత్రి మనవడు ఆ మూడు వేలూ ఏరడానికి కూర్చున్నాడు. నిద్ర పట్టక నేనూ పక్కన కూర్చున్నా. ఒక పెద్ద ఆడ ఏనుగు బొమ్మ దగ్గర ఆగి, పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. కుడి చెవి కింద అంచున నెలవంక మాదిరి తెగి ఉంది. ఎడమ వెనక కాలికి తీగె కోసిన పాత మచ్చ. "చెవి అంచులు చూసే ఏ ఏనుగు ఏదో గుర్తు పడతారు తాతా, మన వేలిముద్ర లాగా. ఈ బొమ్మ అడవిశాఖ వాళ్లకు పంపుతాను, ఏ గుంపు యాడ తిరుగుతోందో వాళ్లకు తెలుస్తుంది" అన్నాడు. 2025 మేలో కర్ణాటక మనకు నాలుగు కుంకీ ఏనుగులు ఇచ్చింది, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటిని ఉంచారు, పొలాల మీదికి వచ్చే ఏనుగుల్ని అడవిలోకి మళ్లించడానికి. ఏ ఏనుగును మళ్లించాలో తెలియడానికి ఇట్టాంటి బొమ్మలు పనికొస్తాయంట. నా నలభై ఏళ్ల బొమ్మలు ఎవరి పొలాన్నీ కాపాడలా. అది నిజం.

నేను మాట్లాడకుండా లేచి, గోడ మీంచి నా బొమ్మ దించి తెచ్చాను. భూతద్దం పెట్టాను. నేను తీసినప్పుడు ఆ పెద్ద ఆడదానికి ఇరవై, ఇరవై అయిదు ఉంటాయేమో. ఏనుగు అరవై పైన కూడా బతుకుతుంది. కంటి కింద చార అట్టానే ఉంది. నుదురు ఎత్తు అట్టానే ఉంది. చెవి చూద్దామంటే, చెవి పొగ. నలభై ఏళ్లుగా నేను మురుసుకున్న ఆ కదిలిన చెవి, అప్పుడు ఒక్క క్షణం ఆగి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ రాత్రి అనిపించింది.

"మిగతా మూడు నెగటివులు ఉన్నాయా తాతా?" అన్నాడు. బిస్కెట్ల డబ్బా అటక మీంచి దింపించాను. మన సముద్రపు గాలికి రెండిటిని బూజు తినేసింది. మూడోది దీపానికి ఎదురుగా పట్టి చూశాము. ఏనుగు తిరిగి పోతోంది, కుడి చెవి వెనక నుంచి కనబడుతోంది, కింద అంచున ఏదో ఉంది. తెగిన చెవో, అవతల ఆకో, బూజో. వాడు తన కెమెరాతోనే ఆ నెగటివును తీసి పెద్దది చేశాడు. "దీన్ని కంప్యూటరులో వేసి పదును పెట్టనా తాతా?" అన్నాడు. వద్దన్నాను. లేని తెగుడు పుట్టిస్తే ఏమి చెయ్యాల?

వచ్చే నెల మళ్లీ పోతున్నాడు. నేనూ వస్తానన్నాను. మోకాళ్లు, ఎండ, డాక్టరు అని ఇంటిల్లిపాదీ మీదబడ్డారు. బడనీ. మీ అవ్వ పాత చీరెలో బాగా నేసినది ఒకటి ఏరి, నిన్న సాయంత్రం నుంచి సంచి కుడుతున్నా. మొలగొలుకులు బజారులో యాడా దొరకలా, మామూలు సన్నబియ్యమే పోస్తన్నా. ఈసారి మూడు శేర్లు చాలదు, వాడి లెన్సు బరువుకు అయిదు కావాల.